ఫకీరప్ప తాత ఆకలి

దూదేకు మాయన్న, దూదేకు
పింజ పింజకు ఒక ఊసు చెప్పు
వాకిట్లో దివ్వెకు వత్తి నీ చలవ
చమురెవరు పోసేరో...

అక్కడికొచ్చి ఆగిపోయేది మౌలాబి. తర్వాతి చరణం గుర్తు లేదు. చిన్నప్పుడు వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, దూదేకుతూ పాడిన పాట అది. దూదేకే వింటినారి ధుమ్ముధుమ్మని మోగుతుంటే ఆ ఆఖరి చరణం మోతలో కలిసిపోయేది. జేజి పోయింది, విల్లు అటకెక్కింది, పాట మాత్రం మూడుపాళ్ళు మిగిలింది. సర్వర్ ముందు కూర్చున్నప్పుడల్లా అదే నోట్లో ఆడేది ఆమెకు.

సర్వర్ అంటే చూడ్డానికి ఒక పెట్టె, అంతే. కాకపోతే ఆ పెట్టె ఒక వాకిలి కాపరి. ఎక్కడెక్కడివాళ్ళో ఫోనులోంచి తలుపు తడతారు. ఫలానా పాట కావాలంటారు. ఇది లోపలికి పోయి తెచ్చి చేతిలో పెడుతుంది. ఒకరొచ్చినా ఊరంతా వచ్చినా విసుక్కోదు. ఏం చెయ్యాలో ముందే ఒక ఫైల్లో రాసిపెట్టాలి. రాసింది చదువుకుని అట్లాగే చేస్తుంది. అక్షరాలు రాస్తే అవి లేచి పనిచెయ్యడమనేది, తలుచుకుంటే ఎంత ఆశ్చర్యం.

ఆ పెట్టె ఉన్నది పాపాగ్ని ఒడ్డున, ఫకీరప్ప తాత మకానంలో. మకానమంటే తత్వాలు చెప్పే గురువు ఉండే చోటు, రాతి గదులు కొన్ని, ముందు ఒక పందిరి, వాకిట్లో పచ్చజెండా. గురువారం సందెకు పందిట్లో తత్వాలు పాడతారు. తాత నమాజు చేసుకుని వస్తాడు, పక్కన కూర్చుని హార్మోనియం వాయించే ఆయన విభూతి పెట్టుకుని వస్తాడు. పాట దగ్గర ఇద్దరి గొంతూ ఒకటే.

ఆ చుట్టుపక్కల ఊళ్ళనుంచి కువైట్ పోయి ఇళ్ళల్లో పనిచేసుకునే ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళకోసమే వెబ్‌సైట్ పెట్టారు. గురువారం వాళ్ళు అక్కడినుంచే పాట వినేవాళ్ళు. అందులో పేర్లకని ఒక కిటికీ కూడా ఉండేది. జబ్బుపడ్డ మొగుడి పేరో, పురిటికి వచ్చిన కూతురి పేరో రాసి పంపితే, పాటలయ్యాక తాత ఆ పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివి దువా చేసేవాడు.

ఇదంతా కట్టింది మౌలాబి. ముందు ఆమె బెంగళూరులో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునేది. కంపెనీ తీసేసింది. అదే ఏడు అమ్మ పోయింది. ఒక సంచి పట్టుకుని మకానం గడప దగ్గర నిలబడితే, వంట చూసే చెంగమ్మ బియ్యం చెరుగుతూ, "నీకేం పని వచ్చు మ్మే" అంది.

"సర్వర్లు చూసుకోవడం వచ్చు."

చెంగమ్మ ఏదో మాటవరసకు అడిగింది. మౌలాబి మాత్రం ఆ జవాబు వల్లే తనకు ఇక్కడ చోటు దొరికిందనుకుంది. ఆ జవాబు పోయిన రోజు చోటూ పోతుందనుకుంది. ఎవరితోనూ అనలేదు గాని, ఆ భయం గుండెలో ముల్లులాగా ఉండిపోయింది.

ఇక సర్టిఫికెట్టు సంగతి. ప్రతి వెబ్‌సైటుకూ ఒక సాక్షి పత్రం కావాలి. ఇది ఫలానావాళ్ళ ఇల్లే, దొంగ ఇల్లు కాదు, ఇక్కడ చెప్పుకున్న మాట దారిలో ఎవరూ వినరు అని, ఊరికి పెద్దమనిషిలాంటి సంస్థ ఒకటి రాసిస్తుంది. దాని గడువు కొన్నాళ్ళే. గడువు దాటితే, వచ్చినవాళ్ళకు ఫోను అడ్డం పడి, ఈ చోటు క్షేమం కాదు, వెనక్కి పొమ్మంటుంది.

మౌలాబి ఆ పత్రాన్ని ప్రతిసారీ తన చేత్తో తెచ్చేది. గడువు తీరే ముందు వచ్చే ఆఖరి గురువారం తలకు పోసుకుని, పెట్టె ముందు కుంపట్లో ఊదు వేసి, పొగ లేస్తుండగా కొత్త పత్రం తెచ్చి పెట్టేది. ముందు వారం చేసినా చెల్లుతుంది. కాని ఆఖరి గురువారమే చెయ్యాలని ఆమె నియమం. పీర్లకు ఊదు వేసే ఇంట్లో పుట్టిన మనిషి మరి.

మామూలు గురువారాల్లోనూ అంతే. పందిట్లో పాటలు సాగుతుంటే తాను గదిలో పెట్టెకు కాపలా ఉండేది. అన్నం కూడా గదిలోకే తెచ్చుకునేది. మకానంలో అన్నేళ్ళున్నా ఒక్క గురువారం పందిట్లో కూర్చోలేదు.

ఒకసారి ఓబులేసు వచ్చాడు. తాత శిష్యుడే, బెంగళూరులో అదే సర్వర్ల పని చేస్తాడు. గదిలోకి తొంగిచూసి, తెర మీద ఆమె రాసుకున్న ఫైలు చూశాడు. కిందికి జరుపుతూ పోయాడు. అది ఎంతకీ తెగలేదు.

"ఇది ఫైలా అక్కా, బొమ్మజెముడు కంచా?"

"కంచె ఉంటేనే కదబ్బీ పశువులు పడకుండా ఉండేది."

"పశువుల సంగతి సరే. నువ్వు మంచం పడితే మనుషులు ఎట్ల పోవాల లోపలికి?"

ఓబులేసు చాప మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు ఈ పెట్టెలోనే నడిచే వేరే సర్వర్ ప్రోగ్రాం ఉందక్కా. ఇంటి పేరు చెబితే చాలు, సర్టిఫికెట్టు అదే పోయి తెచ్చుకుంటాది. గడువు ఇంకా ఉండంగానే కొత్తది తెచ్చిపెట్టుకుంటాది. గుర్తు చేసే పని లేదు. పాటలకు ఒక ముక్క, పేర్ల కిటికీకి ఒక ముక్క, ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు, కొట్టానికి వసారా దించినట్టు. ఫైలు ఇంత ఉండదు. నాలుగు వరసలు రాస్తే అయిపోతాది. చెంగమ్మక్క కూడా చదువుతాది."

చెంగమ్మ చదివేటట్టయితే నేనెందుకిక్కడ అనబోయి మౌలాబి ఆ మాట మింగేసింది.

"మిషన్ను నమ్మి వాకిలి వదిలేస్తారా ఎవరైనా?"

"ఇప్పుడున్నది ఏంది మరి, ఎద్దా?" అని నవ్వి లేచిపోయాడు ఓబులేసు.

ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. లేచి తాత దగ్గరికి పోయింది. తాత అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఆమె చెప్పినదంతా అడ్డు రాకుండా విన్నాడు.

"దానికదే చేసుకుంటాదా?"

"చేసుకుంటాదంట."

"బాగా చేస్తాదా?"

"చేస్తాదిలే తాతా. కాని అట్ల వదిలెయ్యడం భక్తి కాదు. మనిషి చెయ్యి పడాల. కనిపెట్టుకుని ఉండాల."

తాత ఇంకో కాయ ఒలిచి, పప్పులు ఆమె చేతిలో పోశాడు.

"నిజమే మ్మే. నన్ను చూడు. నాకు ఆకలి దానికదే అయితాంది, దానికదే పోతాంది. కనిపెట్టుకునేవాళ్ళు లేరు. రేపట్నుంచి అది నువ్వు చూడు."

"ఏంది తాతా చూసేది?"

"నాకు ఆకలెప్పుడైందో నువ్వు చెప్పు. చెప్పినప్పుడు తింటా. చెప్పకుంటే తినను."

చెంగమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది. "ఇదేం విడ్డూరం. కడుపు ఒకరిది, కబురు ఒకరిదా?"

మౌలాబికి మాత్రం ఒళ్ళు పులకరించింది. సర్వర్‌తో పాటు గురువు ఆకలి కూడా తన చేతిలోకి వచ్చింది. ఇక తనను ఎవరు కదపగలరు?

మొదట్లో బాగానే జరిగింది. ఎండ అరుగు ఎక్కగానే పోయి, "తాతా, నీకు ఆకలైంది" అనేది. "అయిందా, సరే" అని లేచేవాడు. కువైట్ నుంచి సెలవుకు వచ్చిన ఒకాయన ఖర్జూరాలు తెచ్చి చేతికిస్తే, "ఆమెనడుగు, నాకు తినాలని ఉందో లేదో" అన్నాడు. ఆయన తెల్లమొహం వేశాడు. మౌలాబి గర్వంగా, "ఒకటి తిను తాతా" అంది.

ఒక పొద్దు తొందరపడి చెప్పింది. తాత ఇష్టం లేకుండానే నాలుగు ముద్దలు మింగాడు. ఇంకో పొద్దు పెట్టెలో ఏదో చిక్కు విప్పుతూ మరిచిపోయింది. బయటికొచ్చేసరికి ఎండ వాలింది. తాత కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. పళ్ళెం మీద మోదుగాకు మూసి ఉంది.

"పిలవొచ్చు కదా తాతా."

"అది నా పనా?" అన్నాడు, అంతే.

అప్పట్నుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు. ఫోనులో గంటలు పెట్టుకుంది. నీళ్ళు పోసుకుంటున్నా, బట్టలు ఆరేస్తున్నా, ఒక చెవి తాత కడుపు మీదే. "బాలింత కూడా బిడ్డను ఇంత కనిపెట్టుకోదు మ్మే" అని చెంగమ్మ నవ్వేది.

ఇంతలో సుండుపల్లిలో చెల్లెలి బిడ్డను తొట్లో వేసే పండగ వచ్చింది. బుధవారం పొద్దున పోయి సందెకల్లా తిరిగి రావాలనుకుంది. సర్టిఫికెట్టు గడువు మర్నాడు గురువారం మధ్యాహ్నంతో సరి. ఊదు కొని బల్ల మీద పెట్టుకుంది కూడా. పోతూ పోతూ, "తాతా, మధ్యాహ్నానికి నీకు ఆకలైతాది, తిను. సందెకు నేనొస్తా" అంది. తాత తల ఊపాడు.

పాపాగ్ని ఏడాదిలో ఎక్కువ నాళ్ళు ఇసుకే. ఆ బుధవారం ఎగువన వాన కురిసి, చూస్తుండగానే ఇసుక మీదికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఏటికి అడ్డంగా వేసిన చప్టా దారి మునిగింది. బస్సులు ఆగిపోయాయి. చెల్లెలి ఊళ్ళో కరెంటు పోయి, ఫోను కూడా ఆరిపోయింది.

గురువారమంతా చెల్లెలి ఇంటి గడపలో కూర్చుని వానను చూసింది మౌలాబి. ఆ పాటే నోట్లోకి వచ్చేది. చమురెవరు పోసేరో అన్నచోట ఆగేది.

"నువ్వు లేకుంటే మకానం కూలిపోతాదా అక్కా?" అంది చెల్లెలు, తొట్టె ఊపుతూ.

"కూలదు. ముసిలాయన తినడు."

"చెప్పేవాళ్ళు లేరని తినకుండా ఉంటారా ఎవరైనా?"

"ఆయన ఉంటాడు."

చెల్లెలు తొట్టె ఆపి అక్క మొహంలోకి చూసింది. "అట్లాంటి పని నెత్తిన ఎందుకు పెట్టుకున్నావక్కా?"

మౌలాబి లేచి, బస్సు సంగతి అడగడానికి వానలోనే రోడ్డు మీదికి పోయింది.

శుక్రవారం నీళ్ళు తగ్గాక, చీర మోకాళ్ళకు ఎత్తి చప్టా దాటింది. వాకిట్లోనే చెంగమ్మ ఎదురైంది.

"వచ్చినావా తల్లీ. ముసిలాయన మొన్న మధ్యాహ్నం తిన్నదే. నీళ్ళు తాగుతాడు, పాటలు పాడతాడు, మెతుకు మాత్రం ముట్టడు. కాళ్ళు పట్టుకున్నా. మౌలాబి చెప్పలేదు కదా అంటాడు. నిన్న పేర్లు కూడా రాలేదు, ఒక్కటంటే ఒక్కటి. మీ ఇద్దరికీ ఒక దండం."

తాత అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. పక్కన పళ్ళెంలో రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి. ఆమెను చూసి నవ్వాడు.

"వచ్చినావా. ఏమ్మే, నాకు ఆకలైతాందా?"

అందులో వెక్కిరింపు లేదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. మౌలాబి అరుగు కింద కూలబడి తల ఊపింది.

తాత చెయ్యి కడుక్కుని, సంగటి చిదిపి నిదానంగా తిన్నాడు. ఆయన తినడం అయ్యేదాకా ఆమె ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

తర్వాత గదిలోకి పోయి ఫోను ఛార్జింగులో పెట్టింది. అది వెలగగానే కువైట్ నుంచి వాయిస్ మెసేజ్. రెడ్డెమ్మ పంపింది. రెడ్డెమ్మకు ఒకప్పుడు చదువు రాదు. అక్కడ పనిచేసుకుంటూ, ఫోనులో చిన్నపిల్లల పాఠాలు చూసి అక్షరాలు నేర్చుకుంది. ప్రతి గురువారం కిటికీలో ఒక పేరు రాసేది. రెండు మాటలు రాయడానికి పాట ఒకటి అయిపోయేంతసేపు పట్టేది.

"అక్కా, నేను రెడ్డెమ్మను. మా పాపకు పురిటినొప్పులొచ్చినాయి. తాతతో పేరు చెప్పిద్దామని ఫోను తెరిస్తే ఏందో ఎర్రగా వచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కున్నా. ఈ చోటు క్షేమం కాదు, వెనక్కి పో అని రాసుంది. మళ్ళా చదివినా, అదే ఉంది. రాసుంటే నిజమే కదక్కా. నేనేం తప్పు చేసినానో తెలియదు. మకానం నన్ను రావద్దనింది. తప్పుంటే మన్నించమని తాతకు చెప్పు."

మౌలాబి ఒకసారి వింది. మళ్ళీ వినే ధైర్యం లేకపోయింది. బల్ల మీద ఊదు పొట్లం పెట్టింది పెట్టినట్టే ఉంది.

అలవాటు చొప్పున పాత ఫైలు మీదికి చెయ్యి పోయింది. ఆగింది. ఓబులేసు చెప్పిన సర్వర్ ప్రోగ్రాంను నెట్‌లోంచి పెట్టెలోకి దించుకుంది. మకానం పేరు ఒక వరస రాసింది. పాటలు ఎక్కడున్నాయో ఒక వరస. పేర్ల కిటికీకి ఒక ముక్క తగిలించి, అదొక వరస. ఇంకేం రాయాలా అని ఆలోచించింది. రాయాల్సింది ఏమీ లేదు. ఏళ్ళ తరబడి పెంచిన కంచె లోపల ఉన్నది ఇంత చిన్న వాకిలా అనిపించింది.

కుంపట్లో నిప్పులు తెచ్చుకుంది. సర్వర్‌ను నడిపించి, ఊదు పొట్లం దారం విప్పుతోంది. ఆ దారం ఊడేలోపల సర్టిఫికెట్టు వచ్చి కూర్చుంది. ఎవరూ తలకు పోసుకోలేదు, పొగ లేవలేదు. మౌలాబి ఆ కుంపటి తీసుకుపోయి పందిట్లో పెట్టి ఊదు వేసింది.

"తప్పు నీది కాదు రెడ్డెమ్మా, నాది. వాకిలి తీసి ఉంది, రా" అని కబురు పంపింది.

సందెకు కిటికీలో రెడ్డెమ్మ రాసిన మాటలు కనిపించాయి. పాప క్షేమం. మనవరాలు. గురువారం కాకపోయినా తాత ఆ మాటలు పైకి చదివి దువా చేశాడు. అది అయ్యాక మౌలాబి ఆయన ముందుకు పోయి నిలబడింది.

"తాతా, నీ ఆకలి నేను చూడలేను. నీది నువ్వే తీసుకో."

"సరే, ఇట్లియ్యి" అని చెయ్యి చాపాడు తాత, ఏదో వస్తువు తీసుకుంటున్నట్టు. తీసుకుని కండువా కొసన ముడి వేసుకున్నాడు.

"మరి నేనేం చూడాల?"

తాత ముడి గట్టిగా ఉందో లేదో చూసుకుని నమాజుకు లేచాడు.

ఆమె గదిలోకి పోయి, వచ్చిననాటి సంచి వెతికి, దులిపి, గోడకు తగిలించింది. ఎవరైనా ఇంక నీకేం పని అంటే ఆ పూటే బయల్దేరాలని. ఎవరూ అనలేదు. చెంగమ్మ మాత్రం ఒకనాడు సంచిని చూసి, "అదెందుకు మ్మే గోడకు? ఎలకలు కొరుకుతాయి" అని వెళ్ళిపోయింది.

గురువారం వచ్చింది. గదిలో చేసేదేమీ లేదు. మౌలాబి పందిట్లోకి వచ్చి, చెప్పులు విడిచేచోట ఒక మూలన కూర్చుంది. పాటలు సాగాయి. మధ్యలో హార్మోనియం ఆయన ఇటు తిరిగి, "నువ్వూ ఒకటి అందుకో మ్మే" అన్నాడు. ఆమెకు వచ్చింది ఒకటే. దూదేకు మాయన్న అని మొదలుపెట్టింది. చమురెవరు పోసేరో అన్నచోటికి వచ్చి ఆగిపోయింది. తల దించుకుంది. హార్మోనియం ఆగలేదు. ఆ ఖాళీని వాయించుకుంటూ పోయి మళ్ళీ పల్లవి దగ్గర దిగింది. పందిట్లో అందరూ దూదేకు అని అందుకున్నారు. ఆ పాట అంతేననుకున్నారు వాళ్ళు.

ఆ తర్వాత ప్రతి గురువారం ఆ పాట అడిగేవాళ్ళు. సంచి మాత్రం గోడకు అట్లాగే ఉంది.

ఎండలు ముదిరాక ఒకరోజు, వేరే పని మీద పెట్టెలో చూస్తుంటే, సర్టిఫికెట్టు మీద కొత్త గడువు కనిపించింది. పాతది తీరే రోజు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆమెకు ఆ రోజు గుర్తు కూడా రాలేదు. ఎవరి ఫోనూ ఎవర్నీ వెనక్కి పొమ్మనలేదు.

మౌలాబి తెర ఆర్పేసింది. గోడనుంచి సంచి తీసి చేతపట్టుకుని బయటికి వచ్చింది. తాత అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"తాతా, గడువు ఎప్పుడో దాటిపోయింది. అదే పోయి తెచ్చుకుంది. నాకు తెలియను కూడా తెలియలేదు."

తాత ఇంకో కాయ ఒలిచాడు.

"ఇంక ఈ ఇంట్లో నేను చూసుకోవాల్సింది ఏమీ లేదు తాతా."

తాత ఒళ్ళో పొట్టు దులుపుకున్నాడు. శెనక్కాయల చేట తీసి ఆమె చేతికిచ్చాడు. రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చి ఆమె సంచి కింద పెట్టింది. తాత గోడ పట్టుకుని లేచి, వంటింటి వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"నాకు ఆకలైతాంది మ్మే. రా, తిందాం."